రాకడ నిరీక్షణము – లోకధర్మము

కోనసీమలో అమలాపురము మొదలుకొని రాజోలు, కొత్తపేట వఱకు ఏ కాలువగట్టు వెంబడి పోయినను, కొబ్బరితోటల నడుమ నొక ప్రార్థనామందిరము కనబడని యూరు అరుదు. ఆ మందిరములలో తఱచుగా వినబడు మాట "రాకడ". ప్రభువు రెండవమాఱు వచ్చుననియు, ఆయన రాకతో విశ్వాసుల సంఘము మేఘములలోనికి ఎత్తబడుననియు, మిగిలినవారికి ఏడేండ్ల మహాశ్రమలు తప్పవనియు, క్రీస్తువిరోధి రాజ్యమేలి నశించిన పిమ్మట వెయ్యేండ్ల ధర్మపరిపాలనము సాగుననియు, తుదకు సింహాసనము నెదుట తీర్పు జరుగుననియు చెప్పుదురు. అక్షరము రాని కూలివాడు సైతము ఈ క్రమమును తప్పక యప్పగింపగలడు. వినువారికి ఇది యంతయు అపొస్తలుల నోట నుండి యేకముగా వెలువడినట్లు తోచును. చరిత్ర మఱియొక విధముగా చెప్పుచున్నది. ఈ సిద్ధాంతము ఎట్లు పెరిగెనో, మన గోదావరీ ముఖమునకు ఏ దారిని వచ్చెనో, దానిని నమ్మినవారి బ్రదుకులలో ఏమి చేసెనో విచారించుట పరమతదూషణము కాదు. లక్షలాది సోదరాంధ్రుల మనస్సు నేలుచున్న నమ్మకమును ఎఱుగకుండుటయే దోషమని మా తలంపు.

యుగాంతమును గూర్చిన గ్రంథములు సామాన్యముగా కష్టకాలమున పుట్టినవి. దానియేలు గ్రంథమునకు నేటి రూపము క్రీస్తునకు పూర్వము 165 ప్రాంతమున, యూదుల దేవాలయమును అపవిత్రము చేసిన అంతియొకసు రాజు హింసల నడుమ ఏర్పడెనని పెక్కుమంది పండితుల నిర్ణయము. అందలి నాలుగు మృగములు నాలుగు సామ్రాజ్యములు. ప్రకటన గ్రంథము క్రీస్తుశకము 95 ప్రాంతమున, రోము చక్రవర్తి డొమీషియను కాలమున, ఆసియా మైనరులోని యేడు సంఘములకు వ్రాయబడినది. అందు బబులోనను పేరు రోము నగరమునకు చాటుపేరు. 666 అను మృగసంఖ్య నీరో చక్రవర్తి పేరులోని హీబ్రూ అక్షరముల మొత్తమని పలువురు వ్యాఖ్యాతలు చెప్పుదురు. కనుక ఈ గ్రంథములు తొలుత రాబోవు శతాబ్దుల పంచాంగములు కావు. రాజ్యము కత్తియెత్తి నిలిచినపుడు, ఈ రాజ్యము శాశ్వతము కాదు, దీనికిని పైన న్యాయాధిపతి కలడు, ఓర్చుకొనుడని దీనజనులకు చెప్పిన ధైర్యవచనములు. పాలకుని పేరెత్తి నిందింప వీలులేనపుడు సంకేతములతో మాటలాడుట యెట్టిదో, రాజద్రోహపు చట్టముల క్రింద పత్రికలు నడపిన దేశమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

తొలితరము క్రైస్తవులు తమ జీవితకాలముననే ప్రభువు వచ్చునని నిజముగా నెదురుచూచిరి. పౌలు తెస్సలొనీక సంఘమునకు 50 ప్రాంతమున వ్రాసిన తొలి లేఖలో ఈ యాశ స్పష్టముగా నున్నది. సంఘములో కొందఱు మరణింపగా, వారి గతియేమని తక్కినవారు కలతచెందిరి. చనిపోయినవారే ముందుగా లేతురని ఆయన ఊఱడించెను. అదే సంఘమునకు పంపిన రెండవ లేఖలో మఱియొక చిక్కు కనబడుచున్నది. ప్రభువు దినము వచ్చియే యున్నదని కొందఱు కలవరపడుచుండిరి. కొందఱు పని మానుకొని ఇతరులపై బ్రదుకుచుండిరి. అట్టివారికి కూడు పెట్టవలదన్నంత కఠినముగా ఆ లేఖ మందలించినది. ఈ రెండు లేఖలలోనే పందొమ్మిది శతాబ్దుల కథ యంతయు బీజరూపమున నున్నది. ఒకచోట ఈ నిరీక్షణము దుఃఖితునకు ఊఱట. వేఱొకచోట అది పనిచేయు చేతికి సంకెల.

రెండవ శతాబ్దిలో ఫ్రిగియా దేశమున మోంటానసు అనునాతడు, పరలోకపు యెరూషలేము తమ ప్రాంతమున దిగుచున్నదని ప్రకటించి జనమును పోగుచేసెను. వెయ్యేండ్ల పాలనమును ఇరేనియసువంటి పెద్దలు అక్షరార్థముననే నమ్మిరి. ఓరిజెను మొదలగువారు దానిని ఆధ్యాత్మికార్థమున గ్రహించిరి. 410లో గోతులు రోము నగరమును కొల్లగొట్టగా, లోకమే ముగిసినదని జనులు గుండెలు బాదుకొనిరి. అపుడు ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పగు అగస్టీను ఇరువదిరెండు భాగముల "దైవనగరము"ను వ్రాసి, మానవరాజ్యముల పతనము దైవరాజ్యపు పతనము కాదని సమాధానమిచ్చెను. వెయ్యేండ్లనగా క్రీస్తు మొదటి రాకకును రెండవ రాకకును నడిమి కాలమే, సంఘము జీవించుచున్న కాలమే యని ఆయన నిశ్చయించెను. ఈ వ్యాఖ్యానము వెయ్యేండ్లకు పైగా పశ్చిమ క్రైస్తవమును ఏలినది. లూథరు అనుయాయులు 1530లో ప్రకటించిన ఔగ్సుబర్గు విశ్వాసప్రమాణము కూడ, తుదితీర్పునకు ముందు భక్తులు ఈ భూమిపై రాజ్యమేలుదురను తలంపును తన పదునేడవ నిబంధనలో త్రోసివేసినది.

ఐనను పాత జ్వాల పూర్తిగా చల్లాఱలేదు. ఇటలీ సన్యాసి ఫియోరే జోకీము చరిత్రను పితృయుగము, పుత్రయుగము, పవిత్రాత్మయుగమని విభజింపగా, ఆయన మరణానంతరము శిష్యపరంపర 1260వ సంవత్సరముపై కన్నులు నిలిపినది. 1534లో జర్మనీలోని మ్యూన్‌స్టరు నగరమును కొందఱు వశపఱచుకొని, క్రొత్త యెరూషలేము ఇదియే యని చాటిరి. మఱుసటి యేట ముట్టడిలో ఆకలికిని కత్తికిని బలియైరి. నెమ్మదిగా వేచియున్న నిరీక్షణమునకును, తేదీని పట్టుకొని తొందరించు నిరీక్షణమునకును గల యంతరమును ఇట్టి ఘటనలు మాటిమాటికి చూపుచున్నవి.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో వేఱొక గాలి వీచెను. సువార్త క్రమక్రమముగా లోకమంతట వ్యాపించి, అజ్ఞానమును బానిసత్వమును తొలగించి, భూమిని ధర్మరాజ్యముగా మార్చుననియు, అటుపిమ్మటనే క్రీస్తు వచ్చుననియు ఆనాటి మతాచార్యులలో పలువురు నమ్మిరి. విలియము కేరీ 1792లో దూరదేశములకు బోధకులను పంపవలెనని వాదించినపుడు ఉత్సాహమిచ్చినది ఈ యాశయే. 1805లో లండను మిషనరీ సంఘమువారు విశాఖపట్టణమునకు వచ్చి, తెలుగున సువార్తలను పరివర్తింప నారంభించినపుడును వారి వెనుక నున్న గాలి ఇదియే. అనగా, ఆంధ్రదేశమునకు వచ్చిన తొలి ప్రొటెస్టెంటు బోధకులు లోకము బాగుపడునను నమ్మకముతో వచ్చినవారు.

ముప్పదియేండ్లలో ఆ గాలి తిరిగినది. ఫ్రెంచి విప్లవము, నెపోలియను యుద్ధములు, యంత్రశాలల పట్టణములలోని దారిద్ర్యము చూచినవారికి లోకము బాగుపడునను మాట వెక్కిరింతవలె నుండెను. లోకము నానాటికి చెడుననియు, క్రీస్తు వచ్చిననే గాని బాగుపడదనియు చెప్పువారు బలపడిరి. వారిలో ముఖ్యుడు జాను నెల్సను డార్బీ. 1800లో జన్మించి, ఐర్లండులో ఆంగ్లికను గురువుగా నుండి, ఆ సంఘమును విడిచి, తరువాత "ప్లిమతు సహోదరులు" అని పేరొందిన సమాజమునకు నాయకులలో ఒకడయ్యెను. 1831 మొదలు 1833 వఱకు ఐర్లండులోని పవర్సుకోర్టు భవనమున జరిగిన సభలలో ప్రవచనములను గూర్చిన చర్చలు సాగినవి. డార్బీ బోధ ఇది: దేవుని కార్యక్రమము వేర్వేఱు యుగములుగా విభక్తము, ఇశ్రాయేలునకు భూలోకవాగ్దానములు, సంఘమునకు పరలోకవాగ్దానములు, మహాశ్రమలకు ముందే, ఏ సూచనయు నక్కఱలేకయే, ఏ క్షణముననైనను సంఘము ఎత్తబడును. రెండవ రాకడను ఇట్లు రెండు దశలుగా విడదీసి, ఎత్తబడుటను శ్రమలకు ముందు నిలిపి, ఒక సమగ్రసిద్ధాంతముగా ప్రచారము చేసినవాడు ఆయనయే. 1862 పిమ్మట ఆయన పలుమాఱులు అమెరికాకు పోయి బోధించెను. 1909లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించిన స్కోఫీల్డు వ్యాఖ్యానసహిత బైబిలు ఆ సిద్ధాంతమును మూలవాక్యముల క్రిందనే అచ్చువేసి యింటింటికి చేర్చినది. మూలమేదో, వ్యాఖ్యయేదో సామాన్యపాఠకునకు తెలియకుండ పోవుటకు అదియొక కారణము.

ఇక మన గోదావరికి వత్తము. ఆ సహోదర సమాజపు ఆద్యులలో ఆంథొనీ నారిసు గ్రోవ్సు ఒకడు. ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడై బాగుగ ఆర్జించుచున్నవాడు, క్రైస్తవుడు ఇహలోకమున ధనము కూడబెట్టరాదని 1825లో ఒక చిన్నపుస్తకము వ్రాసి, తన యాస్తిని విడిచి, 1829లో బాగ్దాదునకు పోయెను. 1831లో అచ్చట మహామారియు టైగ్రిసు వఱదయు నొక్కటిగా వచ్చిపడగా, ఆయన భార్య మరణించెను. 1833లో ఆయన హిందూదేశమునకు వచ్చెను. త్రోవలో తోడైనవాడు ఆర్థర్ కాటను. తిరిగి ఇంగ్లండునకు పోయి, 1836లో ఆయన వెంటదెచ్చినవారిలో బార్న్‌స్టేపులు పట్టణమునకు చెందిన విలియము బౌడెను, జార్జి బీరు అను నిరువురు గలరు. బౌడెను రాళ్లు చెక్కు పనివాడు. బీరు చెప్పులు కుట్టువాడు. వీరు మచిలీపట్టణమున తెలుగు నేర్చి, పిమ్మట పాలకొల్లు, నరసాపురములలో నివాసమేర్పఱచుకొనిరి. నరసాపురమునకు ఎదుట, వసిష్ఠ కీవలి యొడ్డున నున్నది రాజోలు సీమ. గోదావరీ డెల్టా మిషనను పేర నెగడిన కార్యము ఈ యొడ్డులనుండియే కోనసీమ లంకలకు వ్యాపించినది. వీరికి జీతమిచ్చు సంఘము లేదు. దేవుడు పంపినదానితో బ్రదుకవలెనని వారి నియమము. కుంఫిణీ యధికారులతో వీరిని ఒకే గాటను కట్టుట న్యాయము కాదు.

ఈ సందర్భమున ఒక విశేషము గమనింపదగినది. ఓడ యెక్కబోవు తరుణమున, 1836 మార్చి 10న, గ్రోవ్సు డార్బీకి ఒక దీర్ఘలేఖ వ్రాసెను. ఒకప్పుడు క్రీస్తునందలి జీవమునే పొత్తునకు ఆధారముగా నుంచుకొన్న సహోదరులు, క్రమముగా ఒక్కొక్క సిద్ధాంతవిషయమున ఏకీభావమునే పొత్తునకు షరతు చేయుచున్నారనియు, ఇట్లయిన తాము విడిచివచ్చిన సంఘములకంటె సంకుచితులగుదురనియు మిత్రభావముతో హెచ్చరించెను. పండ్రెండేండ్లలోపల, 1848లో, ఆ సమాజము రెండుగా చీలినది. సంఘము శ్రమలకు ముందే ఎత్తబడునను మాటను సహోదరులలోనే బెంజిమిను న్యూటను మొదలగువారు అంగీకరింపలేదు. అనగా నేడు మన యూరిలో సందేహింపరానిదిగా బోధింపబడు క్రమము, అది పుట్టిన యింటనే వివాదాస్పదము. ఈ సంగతి కోనసీమ విశ్వాసికి ఎవరైనను చెప్పినారా?

వారు తమ నమ్మకముతో ఏమి చేసిరన్నది మఱియొక ప్రశ్న. ప్రభువు ఏ క్షణముననైన వచ్చునని నమ్మినవారు తెలుగువంటి కష్టమైన భాషను ఏండ్లతరబడి నేర్చుట యెందులకు? నేర్చిరి. ఉష్ణజ్వరములతో పిల్లలను పోగొట్టుకొని ఈ నేలనే యుండిరి. బళ్లు పెట్టిరి. నరసాపురమున తరువాతి తరమువారు కుష్ఠరోగులకు వైద్యాలయము కట్టిరి. గ్రోవ్సు చెల్లెలిని పెండ్లాడిన జార్జి ముల్లరు, రాకడను నమ్ముచునే, బ్రిస్టలు పట్టణమున రాతికట్టడముల అనాథశాలలు నిర్మించి పదివేలమందికి పైగా బిడ్డలను పెంచెను. ఇక కాటను సంగతి మన కోనసీమకు వేఱుగ చెప్పవలెనా? భక్తుడైన ఆ క్రైస్తవుడు 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. ఆ పనిలోని కూలీల నడుమ బౌడెను బోధించెను. అటుపిమ్మట గన్నవరమువద్ద వైనతేయమును దాటించి నలువదితొమ్మిది కమానుల అక్విడక్టుమీదుగా నగరము లంకకు నీరు చేరినది. రాజోలు సీమ నేడు పచ్చగా నున్నదనిన అది కారణము. లోకము అశాశ్వతమని నమ్మినవారు శతాబ్దులకు నిలుచు పనులు చేసిరి. నమ్మకమునకును పనికిని విరోధము తప్పనిసరి కాదని దీనిచే స్పష్టమగుచున్నది.

గోదావరీ మండలమున ఈ బోధ యొక్కటే లేదు. రాజమహేంద్రవరమున లూథరను మిషను 1845 మొదలు నిలిచినది. ఔగ్సుబర్గు ప్రమాణమే దానికి ఆధారము గనుక, భూలోకమున వెయ్యేండ్ల రాజ్యమను మాట దాని బోధలో లేదు. అనగా గౌతమికి ఎగువన నొక వ్యాఖ్యానము, వసిష్ఠ దిగువన నొక వ్యాఖ్యానము. ఒకే గ్రంథము, ఒకే నది, రెండు యుగాంతములు. జేగురుపాటిలో పుట్టి, లూథరను సంఘమున పెరిగి, 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసుగారు రాకడకును, పెండ్లికుమార్తెవలె సిద్ధపడు సంఘమునకును తమ బోధలో ప్రధానస్థానము నిచ్చిరి. విదేశీయుల చేయి లేక, తెలుగువాని స్వప్నమునుండి, తెలుగువాని ప్రార్థననుండి పుట్టిన సంఘమది. ఈ సిద్ధాంతము తెలుగునేలకు దిగుమతి సరకుగా వచ్చినను, అట్లే మిగిలిపోలేదు. మనవారు దానిని తమదిగా చేసికొనిరి.

ఎందులకు చేసికొనిరి? కోనసీమలో క్రైస్తవము స్వీకరించినవారిలో అధికసంఖ్యాకులు ఊరి వెలుపలి పేటలలో నివసించు మాల, మాదిగ కులములవారు. సొంతభూమి లేదు, చెఱువున నీరు ముంచు హక్కు లేదు, దేవళములో అడుగిడు వీలు లేదు. ఇట్టివానికి ఒకడు వచ్చి, ఈ లోకపు ఏర్పాటు తుదిమాట కాదు, కడబూర మ్రోగినపుడు భూస్వామియు పాలేరును ఒకే సింహాసనము నెదుట నిలుతురు, నీ పేరు అచ్చట గ్రంథమున వ్రాయబడియున్నది అని చెప్పెను. కరణము లెక్కలలో ఏనాడును గౌరవముతో వ్రాయబడని పేరునకు అది యెంతటి మర్యాదయో, పుట్టుకతో మర్యాద లభించినవారు ఊహింపజాలరు. దీనిని పేదలకు పట్టిన మత్తుమందని కొట్టివేయుట సులభము. రాకడకు సిద్ధపడుటయన కల్లు మానుట, అప్పు తీర్చుట, భార్యను కొట్టకుండుట, బిడ్డను బడికి పంపుటయని నేర్చుకొన్న కుటుంబములు పెక్కులు. ఈ మేలును ఒప్పుకొనకుండ కీడును మాత్రమెంచుట సత్యమార్గము కాదు.

కీడును దాచుటయు సత్యమార్గము కాదు. ఆ సమయము దేవదూతలకు సైతము తెలియదని క్రీస్తే చెప్పినట్లు మార్కు సువార్త పదుమూడవ అధ్యాయము తెలుపుచుండ, తేదీలు చెప్పువారు ప్రతి తరమునను పుట్టుచునే యున్నారు. అమెరికాలో విలియము మిల్లరను రైతు దానియేలు లెక్కలు కట్టగా, అనుయాయులు 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని నిశ్చయించిరి. కొందఱు పైరు కోయకయే విడిచిరి. తెల్లవాఱినది, పొలము మాత్రము అట్లే యున్నది. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28 అర్ధరాత్రి ఎత్తబడుట నిశ్చయమని బోధించినవాడు, ఆ తేదీ దాటిన పిమ్మట చెల్లు ఋణపత్రములను తనకై కొనియుంచుకొన్నట్లు బయటపడి, మోసమునకు శిక్ష పొందెను. అమెరికాలో రేడియో బోధకుడు హెరాల్డు కేంపింగు 2011 మే 21ని నిర్ణయింపగా, కొందఱు జీవితకాలపు కూడబెట్టును ప్రకటనలకు ఖర్చుచేసిరి. మఱుసటి యేట ఆయన తన లెక్క తప్పని యొప్పుకొనెను. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో, లోకాంతము సమీపించినది, ఉపవాసముచే క్రీస్తును కలిసికొనుడని బోధింపబడినవారి కళేబరములు నాలుగువందలకు పైగా త్రవ్వితీయబడినవి. వారిలో పసిబిడ్డలు పెక్కుమంది. దీని తరువాత గూడ తేదీ చెప్పుట నిరపాయమైన ఉత్సాహమని యెవరనగలరు?

తేదీ చెప్పకుండగనే చేయు హాని యొకటి కలదు. అది భయము. ఎత్తబడుటను బెదిరింపుగా వినిన బిడ్డ, బడినుండి వచ్చి యిల్లు ఖాళీగా కనబడినంతనే, తల్లిదండ్రులు ఎత్తబడిరి, తానొక్కడే మిగిలితినని వణకును. ఇట్టి బాల్యమును గూర్చి ఈ బోధ వ్యాపించిన దేశములందు పెద్దలైనవారు చెప్పికొన్నారు. వార్తాపత్రికలోని ప్రతి యుద్ధమును, వస్తువులపై ముద్రించు గీతలను, కరోనా టీకాను మృగముద్రకు అన్వయించువారు బయలుదేరిరి. మిజోరములో కొందఱు క్రైస్తవులు ఆధారు సంఖ్యనే ఆ ముద్రగా తలచి నిరాకరించిరి. మొదటి శతాబ్దిలో చక్రవర్తి నెదిరించిన సంకేతము, ఇరువదియొకటవ శతాబ్దిలో చౌకడిపో బియ్యమును పోగొట్టు భీతిగా మాఱుట శోచనీయము.

ఈ బలహీనత క్రైస్తవులకే యున్నదని తక్కినవారు నవ్వుకొననక్కఱలేదు. మన శాస్త్రము కలియుగమునకు 4,32,000 సంవత్సరములు విధించినది; గడచినవి అయిదువేల పైచిలుకు మాత్రమే. ఇంత తీఱిక యుండియు, 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి వచ్చినపుడు దేశమంతట లోకాంతభీతి వ్యాపించి యజ్ఞములు, శాంతులు జరుగలేదా? గాలివాన వచ్చినను, కఱవు వచ్చినను, వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమున ముందే చెప్పబడినదని మనము చెప్పుకొనుట లేదా? తెలియని రేపటికి లెక్క కట్టవలెనను తహతహ మనుష్యజాతి యంతటికిని సామాన్యము. అది యే మతపు వస్త్రము కట్టుకొన్నను లోని రూపు ఒక్కటే.

మాకు మిక్కిలి చింత కలిగించునది వేఱొకటి గలదు. డార్బీ బోధలో విశ్వాసి పరలోకపౌరుడు. లోకపు రాజకీయములతో, ఎన్నికలతో వానికి పనిలేదు. ఇంగ్లండులో ఇల్లును వాకిలియు నున్న మధ్యతరగతి గృహస్థునకు ఈ వైరాగ్యము పెద్ద నష్టము చేయలేదు. కోనసీమ పేటలోని కూలికి అదే మాట చెప్పిన ఫలితము వేఱు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. తరువాత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించినది గాని, క్రైస్తవులకు కాదు. ప్రభువు నామమును బాహాటముగా ఒప్పుకొన్నవాడు బిడ్డ చదువునకును ఉద్యోగమునకును గల యాధారమును కోల్పోవును. దాచుకొన్నవాడు మనశ్శాంతిని కోల్పోవును. ఇది పరలోకమున తీఱు వ్యాజ్యము కాదు. 2022లో కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చ సంకల్పించినపుడు, మే 24న అమలాపురమున మంట లెగసినవి. పిమ్మట ఆ పేరు స్థిరపడినది. జిల్లా పేరులో తన గౌరవమును చూచుకొన్న విశ్వాసి, ఆ దినమున ఈ భూమి నాది కాదనగలిగెనా? అనలేదు, అననక్కఱయు లేదు. న్యాయాధిపతి వచ్చుచున్నాడని నమ్మువాడు, ఆయన వచ్చులోపల అన్యాయమునకు చోటీయకుండుటయే ఆ నమ్మకమునకు తగిన నడవడి.

కోనసీమ ప్రకృతియు ఇదే పాఠము చెప్పుచున్నది. 1986 ఆగస్టులో గోదావరి పొంగి లంకలను ముంచినది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చి, వేయిమందికి పైగా ప్రాణములను గొని, కొబ్బరితోటలను నేలగూల్చినది. ఆ రాత్రులను చూచినవారికి కడవరి దినములను మాట కేవలము ప్రసంగము కాదు. అట్టి వేళ ఇది అంత్యసూచన యని బోధింపబడుట సహజము. దుఃఖమునకు అర్థము వెదకుట మానవుని హక్కు. కాని నీరు తీసిన పిమ్మట కోనసీమ యేమి చేసినది? కూలిన మ్రాకులను తొలగించి, క్రొత్త మొక్కలను నాటినది. మన దేశవాళి కొబ్బరిమొక్క నాటిన ఆఱేడేండ్లకు గాని కాపునకు రాదు. తొలి దింపు చూచుటకు అంతకాలము వేచియుండవలెను. నాటినవారిలో రాకడను నమ్మువారును గలరు. రేపే ప్రభువు వచ్చునని ఆదివారము పాడి, సోమవారమున ఆఱేండ్ల పంటకు గొయ్యి త్రవ్విన చేతులవి. ఆ చేతులకు తెలిసిన వేదాంతము మా దృష్టిలో డార్బీ పటములకంటె సమగ్రమైనది.

కావున మేము విన్నవించునది ఇంతియే. బోధకులారా, మీరు చెప్పు క్రమము పలు వ్యాఖ్యానములలో ఒకటియని, అగస్టీనునకును లూథరునకును అది తెలియదని, మీ సమాజపు పెద్దలలోనే భేదాభిప్రాయము లున్నవని మీ జనమునకు చెప్పుడు. సత్యము తెలిసిన విశ్వాసము సడలదు. భయముతో కట్టిన విశ్వాసమే మొదటి గాలికి పడిపోవును. తేదీ చెప్పువానిని వేదిక నెక్కనీయకుడు. రాకడ పేర పొలము నమ్ముమనువానిని గడప త్రొక్కనీయకుడు. బిడ్డల చెవులకు బెదిరింపును గాక ఆశను అందింపుడు. అన్యమతస్థులగు మిత్రులారా, పొరుగువాని నిరీక్షణమును హేళన చేయకుడు. వానికి ఈ లోకమున మీరు నిరాకరించినదానినే వాడు పైనుండి వచ్చునని యెదురుచూచుచున్నాడు. ఆ నిరాకరణము మానినపుడు గాని వాని యాశను తప్పుపట్టు అధికారము మనకు రాదు. రాకడ యెప్పుడో యెవరికిని తెలియదని గ్రంథమే చెప్పినది. అంతవఱకు చేయవలసిన పని మాత్రము అందఱకును తెలిసియే యున్నది.